చార్జింగ్ తినేది జీపీఎస్సా, దాన్ని ఊరికే లేపే యాపా?

భీమవరంలో గానీ అమలాపురంలో గానీ ఏ సెల్ షాపుకెళ్లి "ఫోన్ చార్జింగ్ నిలబడట్లేదండి" అన్నా ముందొచ్చే సలహా ఒకటే, లొకేషన్ ఆపెయ్యండి, బ్లూటూత్ ఆపెయ్యండి, వెనకాల ఉన్న యాపులన్నీ తుడిచెయ్యండి. ఇది పూర్తిగా తప్పని అనను గానీ సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే చేతికున్న బ్యాండ్ ఒక్క చార్జింగ్ తో వారం ఎలా లాక్కొస్తుందో అర్థం కాదు, ఎందుకంటే అది 24 గంటలూ మన కదలికల్ని కొలుస్తూనే ఉంటది, పైగా దాని బ్యాటరీ ఫోన్ బ్యాటరీలో పాతికో వంతు ఉంటే గొప్ప. పెద్ద స్క్రీన్ లేదు కదా అంటారు, నిజమే, కానీ స్క్రీన్ ఒక్కటే కారణం కాదు.

మనిషి ఎక్కడున్నాడు, నడుస్తున్నాడా, బండి మీదున్నాడా, పడుకున్నాడా, ఫోన్ జేబులో ఉందా, బల్ల మీదుందా, ఇదంతా మనం చెప్పకుండానే ఫోన్ కనిపెట్టడాన్ని కాంటెక్స్ట్ సెన్సింగ్ అంటారు. కొత్త ఆలోచనేం కాదు, బిల్ షిలిట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు, ఇంకొందరు కలిసి 1994 లోనే దీనిమీద పేపర్ రాశారు. అప్పట్లో అసలు ఎలా కనిపెట్టాలి అన్నది సమస్య, ఇప్పుడు కనిపెట్టడం వచ్చేసింది, రోజంతా కనిపెడుతూ కూడా సాయంత్రం దాకా చార్జింగ్ ఎలా మిగల్చాలి అన్నదే సమస్య.

లెక్కలు చూస్తే గానీ ఈ గోల తెగదు. ఫోన్ కదిలిందో లేదో చెప్పేది యాక్సిలరోమీటర్. అనలాగ్ డివైసెస్ కంపెనీ చేసే ఏడీఎక్స్ఎల్362 అనే చిప్పు సెకనుకి 100 సార్లు కొలుస్తూ కూడా 2 మైక్రోఆంపుల లోపే లాగుద్ది (మిల్లీఆంపులో వెయ్యో వంతు మైక్రోఆంపు, అందులో వెయ్యో వంతు నానోఆంపు), ఎవరైనా కదిపితే అప్పుడు చెప్తాలే అని ఊరికే కూర్చుంటే 270 నానోఆంపులు. ఫోన్లలో వాడేవి ఇంతకంటే ఎక్కువే తింటాయి, సరే, పోనీ ధారాళంగా 200 మైక్రోఆంపులు వేసుకుందాం. రోజంతా ఆన్ లో ఉన్నా 4.8 మిల్లీఆంప్ అవర్లు, అంటే 5000 మిల్లీఆంప్ అవర్ల బ్యాటరీలో వెయ్యో వంతుకి ఓ పిసరు తక్కువ. మరి తినేదెవరు? ఆ కొలిచిన అంకె తీసుకోడానికి లేచే మెయిన్ ప్రాసెసర్. స్క్రీన్ ఆఫ్ లో ఉన్నా సరే అది మెలకువగా ఉందంటే పదుల మిల్లీఆంపులు పోతాయి. 50 అనుకుని లెక్కెయ్యండి, రోజుకి 1200, బ్యాటరీలో దాదాపు పావు వంతు, అదీ మనం ఫోన్ ముట్టుకోకుండా.

సెకనుకి 50 సార్లు కొలవమంటే 20 మిల్లీసెకన్లకోసారి ప్రాసెసర్ ని తట్టి లేపాలి, అంటే దానికి ఇక నిద్రన్నదే లేదు. అందుకని సెన్సార్లకీ దానికీ మధ్యలో సెన్సార్ హబ్ అని చిన్న చిప్పు ఒకటి పెట్టారు. రొయ్యల చెరువు కాడ కాపలా మనిషి ఉంటాడు చూశారూ, రాత్రంతా ఏరేటర్ల (నీళ్లలోకి గాలి కొట్టే మెషిన్ల) చప్పుడు వింటా కూర్చుంటాడు, ఏదన్నా ఆగితే రైతుకి ఫోన్ కొడతాడు, అంతేగానీ "తిరుగుతుందండీ, ఇంకా తిరుగుతుందండీ" అని నిమిషానికోసారి లేపడు కదా, ఈ చిప్పు పనీ అదే. యాపిల్ 2013 లో ఐఫోన్ 5ఎస్ లో ఎం7 అని పెట్టింది, అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.4 తో వచ్చిన నెక్సస్ 5 లో అడుగులు లెక్కెట్టడం, రీడింగులు పోగేసి ఒకేసారి ఇవ్వడం హార్డ్‌వేర్ లోకే వచ్చేశాయి. పోగెయ్యడానికి పెద్ద చోటు కూడా అక్కర్లేదు, మూడు దిక్కుల కొలతకి 2 బైట్లు చొప్పున 6 బైట్లు, సెకనుకి 50 సార్లంటే 300 బైట్లు, పది సెకన్లకి 3 కేబీ. ఆ కాస్త చోటుతో సెకనుకి 50 సార్లు లేవాల్సిన ప్రాసెసర్ పది సెకన్లకోసారి లేస్తే సరిపోద్ది.

అడుగుల లెక్కలో కూడా రెండు రకాలున్నాయి, ఇది చాలామంది గమనించరు. ఆండ్రాయిడ్ లో స్టెప్ డిటెక్టర్ అన్నది అడుగు పడ్డ 2 సెకన్లలోపే చెప్పెయ్యాలి, స్టెప్ కౌంటర్ అయితే 10 సెకన్ల దాకా ఆగొచ్చు. ఆగే వీలుంది కాబట్టి అది తీరిగ్గా చూసుకుంటది, ఇవి వరసగా ఒకే లయలో పడుతున్న అడుగులేనా, లేకపోతే కాలవ గట్టు రోడ్డు మీద బండి గోతుల్లో పడి ఎగిరిన కుదుపులా అని తేల్చుకుని అప్పుడు లెక్కలో కలుపుద్ది. జవాబు ఎంత తొందరగా కావాలి, ఎంత కచ్చితంగా కావాలి, ఎన్నిసార్లు కావాలి, కరెంటు ఖర్చు అంతా ఈ మూడిటి మీదే ఉంది. నన్నడిగితే ఈ సబ్జెక్టంతా ఇదే, సెన్సార్ పేరు తర్వాత సంగతి.

ఇక అందరూ తిట్టే జీపీఎస్. తిట్టడానికి కారణం లేకపోలేదు. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, అంత దూరం నుంచి వచ్చేసరికి సిగ్నల్ చుట్టూ ఉన్న రేడియో గోల కంటే కూడా కిందకి పడిపోద్ది, దాన్ని పట్టుకోడానికే చిప్పు బోలెడు లెక్కలు చెయ్యాలి. పైగా ఉపగ్రహం పంపే సమాచారం స్పీడు సెకనుకి 50 బిట్లు. కేబీలు కాదు, బిట్లు. నేను ఎక్కడున్నాను అని ఉపగ్రహం చెప్పుకునే వివరం 30 సెకన్లకోసారి తిరిగొస్తది, అన్ని ఉపగ్రహాల పట్టికా పూర్తిగా కావాలంటే పన్నెండున్నర నిమిషాలు వినాలి. ఫోన్ అంతసేపు వినదనుకోండి, ఆ వివరాలన్నీ నెట్ లోంచి లాక్కుని కొన్ని సెకన్లలో పని కానిచ్చేస్తది. అయితే మన కొబ్బరితోటల్లో ఏమవుద్దంటే, పైన మట్టలు కమ్మేసి ఉంటాయి, వానపడి తడిసినప్పుడు సిగ్నల్ ని ఇంకా మింగేస్తాయి, పక్కన కాలవ నీళ్ల మీద పడి వెనక్కి కొట్టిన సిగ్నల్ ఒకటొచ్చి కలుస్తది, లంక గ్రామమైతే నెట్ కూడా అంతంత మాత్రం, ఇలా రెండు సెకన్లలో దొరకాల్సిన జవాబుకి చిప్పు అర నిమిషం వెతుకుద్ది, ఆ వెతికినంతసేపూ పదుల మిల్లీఆంపులు పోతూనే ఉంటాయి. అదే యాపు, అదే ఫోన్, టౌన్లో ఒకలా తోటలో ఒకలా చార్జింగ్ తినడానికి కారణం ఇది, ఫోన్ పాడైపోయి కాదు.

అందుకే 2013 నుంచి గూగుల్ ఇచ్చే లొకేషన్ సర్వీసులో యాపు నేరుగా జీపీఎస్ ని లేపక్కర్లేదు, నాకు ఇంత కచ్చితంగా కావాలి అని అడిగితే చాలు, వైఫై చూడాలా, సెల్ టవర్ తో సరిపెట్టాలా, జీపీఎస్ లేపాలా అన్నది లోపల అదే చూసుకుంటది. టౌన్లో అడుగడుక్కీ వైఫైలు కాబట్టి పదుల మీటర్ల తేడాతో చెప్పేస్తది, ఊరి చివర టవర్ ఒక్కటే దిక్కైతే కిలోమీటర్ల తేడా కూడా రావచ్చు. రానివ్వండి, వాతావరణం చెప్పే యాపుకి మీరు రాజోలులో ఉన్నారని తెలిస్తే చాలు, ఏ చెట్టు కింద ఉన్నారో దానికెందుకు?

ఇంకో మంచి కిటుకు ఉంది. పాలకొల్లు రాగానే ఎరువుల కొట్లో బాకీ సంగతి గుర్తుచెయ్యి అని ఫోన్ కి చెప్పారనుకోండి. తెలివితక్కువ యాపైతే పది సెకన్లకోసారి జీపీఎస్ లేపి వచ్చేశామా, వచ్చేశామా అని చూస్తానే ఉంటది. తెలివైనది ఇంకా 15 కిలోమీటర్లుంది, ఎంత తోలినా గంటకి 60 దాటడు, కాబట్టి ఇంకో 15 నిమిషాల దాకా చూడనవసరమే లేదు అనుకుని పడుకుంటది. అప్పుడు లేచి చూస్తే 5 కిలోమీటర్లుందా, ఇంకో 5 నిమిషాలు పడుకోవచ్చు. దగ్గరపడే కొద్దీ చూపు పెరుగుద్ది, మధ్యలో మీరు టీకి ఆగితే యాక్సిలరోమీటర్ "కదలట్లేదు" అంటది కాబట్టి ఆ చూడ్డం కూడా మానేస్తది. చౌకగా వచ్చే జవాబుతో ఖరీదైన ప్రశ్నని వాయిదా వెయ్యడం అన్నమాట.

కానీ ఈ పద్ధతికి ఓ చిక్కుంది, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ గోదారి దాటించే పడవ) ఎక్కితే అది కళ్లారా కనపడుద్ది. బండి పంటు మీదకి ఎక్కించి ఇంజన్ ఆపి స్టాండ్ వేస్తారు, ఫోన్ ట్యాంక్ కవర్లోనో జేబులోనో ఉంటది. గోదారి మీద కుదుపులు ఉండవు, నున్నగా పోద్ది, మహా అయితే పంటు ఇంజను అదురు సన్నగా తెలుస్తుంది. యాక్సిలరోమీటర్ కొలిచేది స్పీడు మారడాన్ని, స్పీడుని కాదు. ఒకే స్పీడులో మెల్లగా పోయే దాన్నీ, ఆగి ఉన్న దాన్నీ అది విడదీయలేదు. కాబట్టి "కదిలితేనే జీపీఎస్ లేపు" అని రాసిన యాపు ఏమనుకుంటదంటే, ఈయన సఖినేటిపల్లి రేవులో నిలబడి ఉన్నాడు, లేపక్కర్లేదు అని. మీరు వశిష్ఠ గోదావరి సగం దాటేసినా ఇంట్లో వాళ్లకి షేర్ చేసిన లొకేషన్ ఇవతలి గట్టునే ఉంటది. నర్సాపురం రేవులో దిగి బండి స్టార్ట్ చేసి గట్టెక్కేటప్పుడు పడే కుదుపుకి మేలుకుని, ఒక్కసారిగా నది ఇవతల నుంచి అవతలకి ఎగిరినట్టు చూపిస్తది. ఇది బగ్ అని నేననను, చార్జింగ్ మిగల్చడానికి కట్టిన ధర. ఆ ధర వద్దనుకుంటే కదలిక లేదన్నా సరే ఐదు పది నిమిషాలకోసారి టవర్ మారిందేమో చూడమనొచ్చు, ఫోన్ ఎలాగూ టవర్ తో మాట్లాడుతూనే ఉంటది కాబట్టి దానికి పెద్ద ఖర్చుండదు. ఎదురు తప్పు కూడా ఉంది, గాలికి ఊగే ఉయ్యాల మీద ఫోన్ పెడితే కదిలింది, కదిలింది అని ఊరికే జీపీఎస్ ని లేపుకుంటా కూర్చునే యాపులు.

అసలు కొలవకుండానే తెలుసుకోవడం ఇంకో దారి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ లో పనిచేసే సుమన్ నాథ్ 2012 లో ఏస్ అనే సిస్టమ్ చూపించాడు, ఐడియా చాలా సింపుల్. మనిషి బండి తోలుతున్నాడు అని ఒక యాపు కోసం ఇప్పుడే తేల్చాం, ఇంకో యాపు వచ్చి "ఇంట్లో ఉన్నాడా" అని అడిగింది, దానికి మళ్లీ వైఫై, జీపీఎస్ ఎందుకు, తోలుతున్నవాడు ఇంట్లో ఎలా ఉంటాడు, లేడు అని చెప్పెయ్యడమే. ఇలాంటి రూల్స్ ఎవరో కూర్చుని రాయక్కర్లేదు, మనిషి అలవాట్లు చూసి సిస్టమే నేర్చుకుంటది. ఇప్పుడు మన ఫోన్లలో ఒకరు కొలిచిన లొకేషన్ ని పది యాపులు పంచుకోవడం దీనికి చిన్న తమ్ముడు లాంటిదే. మన మనుషులే ఇలా చేస్తారు నిజానికి, తెల్లవారుజామున మూడింటికి చెరువు యజమానికి ఫోన్ చేస్తే ఎక్కడున్నావని ఎవరూ అడగరు.

నాకు బాగా నచ్చిన సెన్సార్ మాత్రం బారోమీటర్. గాలి ఒత్తిడి కొలిచేది, బాష్ వాళ్ల బీఎంపీ280 సెకనుకోసారి కొలిస్తే 2.7 మైక్రోఆంపులు, అంటే ఉందంటే ఉంది లేదంటే లేదు. సముద్రమట్టం దగ్గర, అంటే మన దగ్గర, సుమారు 8 మీటర్లు పైకెక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుద్ది. ఇప్పుడు దింపు కార్మికుల్ని, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాళ్లని తీసుకోండి, రోజుకి ఎన్ని చెట్లెక్కుతారో ఆ కష్టం ఏ స్మార్ట్ వాచీకీ తెలియదు. చెట్టెక్కేటప్పుడు అడుగులు పడవు కాబట్టి స్టెప్ కౌంటర్ ముంజేతి కదలిక చూసి ఏదో ఒకటి లెక్కేస్తది లేదా అసలు వెయ్యదు. జీపీఎస్ అడ్డంగా అయితే కాస్త బాగానే చెప్తది గానీ ఎత్తు విషయంలో బలహీనం, మట్టల కింద మరీను. చెట్టుని వాటేసుకుని మణికట్టు మీద బరువు పడితే గుండె వేగం కొలిచే లైటు కూడా సరిగ్గా పనిచెయ్యదు. కానీ 15 మీటర్ల చెట్టెక్కితే ఒత్తిడి 1.8 హెక్టోపాస్కల్స్ దాకా తగ్గి, దిగగానే మళ్లీ అక్కడికే వస్తది, ఈ గుంట ఆకారం గ్రాఫ్ లో స్పష్టంగా కనపడుద్ది. ఇలాంటి గుంటలు ఎన్నున్నాయో లెక్కెడితే ఎక్కిన చెట్లెన్నో తెలిసిపోద్ది, ఏ గుంటలోనైనా ఒత్తిడి మెల్లగా పెరక్కుండా క్షణంలో మళ్లీ మొదటికి వచ్చేసిందంటే మనిషి పడ్డాడని అర్థం, అప్పుడు అన్ని సెన్సార్లనీ, జీపీఎస్ నీ, ఫోన్ రేడియోనీ లేపొచ్చు, ఆ టైములో చార్జింగ్ సంగతి ఎవడిక్కావాలి. వాతావరణం వల్ల కూడా ఒత్తిడి మారుద్ది కదా అని డౌటు రావచ్చు. మారుద్ది, తుఫానొస్తే పదుల హెక్టోపాస్కల్స్ పడిపోద్ది, కానీ గంటల తరబడి పడుద్ది, చెట్టెక్కడం నిమిషం పని, ఆ తేడా చాలు రెండిట్నీ విడదీయడానికి. దింపు వాళ్ల కోసం ఇలాంటి బ్యాండ్ చేస్తే దానికి తెర కూడా అక్కర్లేదు. మార్కెట్ లో మాత్రం జిమ్ముకెళ్లే వాళ్ల కోసం వందరకాల వర్కవుట్లు పెట్టి అమ్ముతారు, చెట్టెక్కడం అన్నది ఆ లిస్టులో ఎక్కడుంటుందో చూడాలి.

వాచీ వెనక పచ్చగా మెరిసే లైటు సంగతి కూడా చెప్పాలి. అది చర్మంలోకి వెలుగు కొట్టి, రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు ఎంత తగ్గిందో చూసి గుండె వేగం చెప్తది. యాక్సిలరోమీటర్ తో పోలిస్తే ఇది బాగా ఖరీదు, ఎందుకంటే వెలుగు పుట్టించాలి కదా. అందుకని నిరంతరం వెలగదు, సెకనుకి ఓ పాతిక సార్లు సూక్ష్మంగా మెరిసి ఆరిపోద్ది. నిమిషానికి 200 సార్లు కొట్టుకునే గుండె అయినా సెకనుకి మూడు మూడున్నర సార్లే కాబట్టి పాతిక కొలతలు చాలు. పడుకున్నప్పుడో కూర్చున్నప్పుడో చాలా బ్యాండ్లు కొన్ని నిమిషాలకోసారి మాత్రమే కొలుస్తాయి, పరిగెడుతున్నాడని యాక్సిలరోమీటర్ చెప్తే అప్పుడు ఆగకుండా కొలుస్తాయి. చామనఛాయ, నలుపు ఉన్న చర్మం పచ్చ వెలుగుని ఎక్కువ పీల్చుకుంటది కాబట్టి లైటు ఇంకాస్త గట్టిగా కొట్టాలి, బెల్టు వదులుగా ఉంటే పక్కనుంచి వెలుతురు దూరి ఇంకా గందరగోళం. బెల్టు ఓ రంధ్రం బిగించి చూడండి, రీడింగ్ కుదురుద్ది, చార్జింగ్ కూడా కొంచెం కలిసొస్తది.

కొలవడం అయ్యాక పంపడం. ఇక్కడ పోయేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 4జీ లో ఓ చిన్న ముక్క పంపాక రేడియో వెంటనే పడుకోదు, ఇంకేమన్నా వస్తదేమో అని సుమారు పది సెకన్లు మెలకువగా ఉంటది, నెట్‌వర్క్ ని బట్టి ఎక్కువ తక్కువలు. ఈ మెలకువని తోక అనుకోండి. అంటే నిమిషానికోసారి నాలుగు అంకెలు పంపే యాపు, అర సెకను పనికి పది సెకన్ల కూలి కడుతుంది. గంట సేపటివి పోగేసి ఒకేసారి పంపితే 60 తోకల బదులు ఒక్క తోక. సిగ్నల్ సరిగ్గా లేని చోట ఇంకా నష్టం, టవర్ కి వినపడాలని ఫోన్ గొంతు పెంచుద్ది, 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా రేడియో పవర్ పంపొచ్చు, దానికోసం బ్యాటరీ నుంచి లాగేది అంతకు చాలా రెట్లు. అంతర్వేది వైపు చెరువు గట్ల మీద గుడిసెలో ఫోన్ పెట్టుకు పడుకుంటే తెల్లారేసరికి చార్జింగ్ సగానికొచ్చిందని అనేవాళ్లు సాధారణంగా సెన్సార్లని తిడతారు, ముందు సిగ్నల్ గీతలు ఎన్నున్నాయో చూసుకోవాలి. ఇందుకే మాటనో శబ్దాన్నో యథాతథంగా పైకి పంపేకంటే ఫోన్లోనే తేల్చేసి "ఏరేటర్ ఆగింది" అన్న ఒక్క ముక్క పంపడం లాభం, మన మాటలు బయటికి పోకుండా ఉంటాయి కూడా.

ఇక సెట్టింగుల్లో ఏం చెయ్యాలి అంటే, లొకేషన్ మొత్తం ఆపడం నేను చెప్పను. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, ఫోన్ బల్ల మీద కదలకుండా స్క్రీన్ ఆఫ్ లో ఉంటే డోజ్ అని యాపులన్నిటినీ పడుకోబెట్టేస్తది, ఆండ్రాయిడ్ 8 నుంచి వెనకాల ఉన్న యాపుకి గంటకి కొన్నిసార్లే లొకేషన్ ఇస్తది, సిస్టమ్ తన పని తను చేస్తానే ఉంది. వెనకాల యాపులు తుడిచెయ్యడం కూడా దండగ, మళ్లీ తెరిచినప్పుడు మొదట్నించీ లోడ్ అవ్వాలి, దానికే ఎక్కువ పోద్ది. మీరు చూడాల్సింది లొకేషన్ పర్మిషన్లలో "ఎప్పుడూ" అని ఎవరికిచ్చారో. ఆ లిస్టులో సగం "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" కి మార్చెయ్యొచ్చు, ఆండ్రాయిడ్ 12 ఆ పైన ఫోనైతే కచ్చితమైన లొకేషన్ ఆఫ్ చేసి సుమారు లొకేషన్ ఇవ్వొచ్చు, అప్పుడు మూడు చదరపు కిలోమీటర్ల లెక్కలోనే యాపుకి తెలుస్తుంది. మ్యాపులకీ, అత్యవసరమైతే మన జాడ ఇంట్లోవాళ్లకి చెప్పే యాపులకీ కచ్చితంగానే ఇవ్వండి, వాటి పనే అది. రొయ్యల రేట్లు చూపించే యాపు ఒకటి కచ్చితమైన లొకేషన్, అదీ ఎప్పుడూ కావాలి అని అడిగితే మాత్రం ఇవ్వకండి, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు తూగేది) ఎంత, 100 కౌంట్ ఎంత అని పట్టిక చూపించడానికి మీరు ఏ గట్టు మీదున్నారో దానికి అనవసరం. ఇవ్వకపోతే తెరుచుకోనంటే తీసిపారేసి వాట్సాప్ గ్రూపులో చూసుకోండి, పొద్దున్నే ఎవరో ఒకరు పెడతానే ఉంటారు.